జింకకీ నక్కకీ కలిపి ఒకటే రైఫిల్ అంటే ఏ క్యాలిబర్ (తూటా అడ్డకొలత) మేలు? యూకేలో ఉండే మనోళ్ళు కొంచెం చెప్పండి

కొర్లగుంట డాక్టరు:
అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తా, ఇది మన శేషాచలంలోనో తలకోన పక్కనో వేట గురించి కాదు, ఆ ఉద్దేశంతో వచ్చినోళ్ళు ఇట్లనే వెనక్కి పోవచ్చు. నేను తిరపతి వెటర్నరీ కాలేజీలో చదువుకుని ఇప్పుడు స్కాట్లాండులో జెడ్‌బరా దగ్గర పని చేస్తా ఉండా, చుట్టూ అంతా గొర్రెల ఫారాలే. లీవుకి ఇంటికొచ్చినా, మళ్ళీ పోయేలోగా ఈ సంగతి తేల్చుకోవాల.

ఆడ ఒక ఫారం ఆయనతో బాగా స్నేహం. ఏప్రిల్ మే నెలల్లో గొర్రెలు ఈనే టైముకి నక్కలొచ్చి అప్పుడే పుట్టిన పిల్లల్ని ఎత్తుకుపోతాయి, ఇంకో పక్క కొత్తగా నాటిన చెట్ల చిగుళ్ళని రో అనే చిన్న జాతి జింకలు మొక్క మొక్కకీ కొరికి పెడతాయి. తోడేళ్ళు ఆ దేశంలో ఎప్పుడో అంతరించినాయి, పెద్ద జింకని పట్టి తినే జంతువే లేదు, అందుకని ఏటా మనుషులే కొన్నిటిని తగ్గించాల, అది ఆడ చట్టప్రకారం జరిగే పని. ఆయన వెంబడి తిరిగి తిరిగి నాకూ ఆసక్తి పుట్టింది, డీర్ స్టాకింగ్ (జింకల వేట) సర్టిఫికెట్ లెవల్ 1 కూడా పాసైనా. ఇప్పుడు పోలీసులకి ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ అప్లికేషన్ పెట్టాల, అందులో ఏ క్యాలిబరో ఎందుకో ముందే రాయాలంట, కొన్నాక మార్చుకుందాంలే అనడానికి లేదు.

నాకు పర్మిషన్ ఉండేది రెండు చోట్ల, ఒకటి ఈ ఫారం, రెండోది వాళ్ళ బావమరిదిది, అది బోర్డర్ దాటి ఇంగ్లండు వైపు చెవియట్ కొండల కింద. ఇవి కాక చలికాలంలో ఒకసారి హైలాండ్స్‌కి రెడ్ డియర్ అనే పెద్ద జింకల్లో ఆడవాటి సీజన్‌కి రమ్మంటా ఉండారు. బీరువా చిన్నది, ఇంట్లో ఆవిడ ఒకటే తుపాకి అని గట్టిగా చెప్పేసింది. .243 అంటాడొకడు, .308 అంటాడొకడు, 6.5 క్రీడ్‌మూర్ అని ఇంకొకడు, .22-250 ఉంటే నక్క ఎక్కడున్నా ఆడే కూలుతుందని మరొకడు. ఆరేడు కేజీల నక్కకీ నూరు కేజీల రెడ్ స్టాగ్‌కీ (మగ రెడ్ డియర్) ఒకటే తూటా అంటే నాకు తల తిరగతా ఉంది. అనుభవం ఉండేవాళ్ళు చెప్పండబ్బా.

పలమనేరు రైతు:
డాక్టరు గారూ మీరు నక్క తోక తొక్కి పుట్టినారు పోండి. ఈడ మేము శెనక్కాయ చేను కాడ రాత్రంతా టార్చిలైటు పట్టుకుని తపేలా కొట్టుకుంటా కూర్చుంటే పందులు ఈ మడి వదిలి ఆ మడిలోకి పోతాయి అంతే, ఏనుగులొస్తే ఆ తపేలా కూడా పనికిరాదు. కౌండిన్య అభయారణ్యం పక్కన భూమి ఉండేవాడికి నిద్ర ఎట్లుంటుందో మీకు తెలీంది కాదు. మీ దొరకి గొర్రెపిల్ల పోతే రైఫిల్ ఏది తీసుకోవాలని ఆలోచన, మాకు చేను పోతే ఏ ఆఫీసుకి పోవాలని ఆలోచన. సరేగానీ నాకొక డౌటు, ఆడ నక్కని ఎవరైనా ఎప్పుడైనా కాల్చచ్చా, కేసు కాదా?

గ్లాస్గో గోంగూర:
అన్నా ఎందుకంత ఆలోచన, .223 తీసుకో. స్కాట్లాండులో రో జింకకి అది లీగలే, 50 గ్రెయిన్ బుల్లెట్ (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత), సెకనుకి 2,450 అడుగుల స్పీడు, 1,000 ఫుట్ పౌండ్ల ఎనర్జీ (అది తగిలే శక్తి కొలత) ఉంటే చాలు, .223 లో 55 గ్రెయిన్ తూటా 1,280 దాకా ఇస్తుంది. నక్కకి అంతకన్నా మంచిది లేదు, శబ్దం తక్కువ, తన్నుడు లేదు, తూటాలు చవక. రెడ్ డియర్ ఏడాదికి ఒకసారి కదా, ఆ ఎస్టేటు వాళ్ళ రైఫిలే ఇస్తారు, స్టాకర్, అంటే వేటకి దారి చూపే మనిషి, పక్కనే ఉంటాడు.

రైతన్నా, నక్కకి ఇక్కడ క్లోజ్ సీజన్ (కాల్చకూడని నెలలు) అనేది లేదు, భూమి యజమాని ఒప్పుకుంటే ఏడాది పొడుగునా కాల్చచ్చు. కుక్కల్ని ఉసిగొల్పి తరమడం మాత్రం బ్యాన్, ఇంగ్లండులో 2004 చట్టం, స్కాట్లాండులో ఇంకా గట్టిగా 2023 లో కొత్తది తెచ్చారు.

నార్తంబర్లాండ్ చిత్తూరోడు:
గ్లాస్గో తమ్ముడు చెప్పింది సగం వరకే కరెక్టు, డాక్టరు రాసింది సరిగ్గా చదివినట్టు లేడు. రెండో ఫారం ఇంగ్లండు వైపు ఉండాదన్నాడు కదా. బోర్డర్ దాటితే చట్టమే వేరు. ఇంగ్లండు, వేల్స్‌లో 1991 డీర్ యాక్టు ప్రకారం జింకకి .240 అంగుళం కన్నా తక్కువ క్యాలిబర్ పనికిరాదు, ఎనర్జీ 1,700 ఫుట్ పౌండ్లకి తగ్గకూడదు. 2007 లో సడలించింది మంట్‌జాక్, చైనీస్ వాటర్ డియర్ అనే చిన్న జింకలకి మాత్రమే, రో కి కాదు. అంటే అదే .223 తో అదే రో జింకని కంచెకి ఉత్తరాన కాలిస్తే ఒప్పు, దక్షిణాన కాలిస్తే నేరం. .22-250 కూడా అంతే, ఎనర్జీ 1,650 దాకా వస్తుంది కానీ దాని బుల్లెట్ అడ్డకొలత .224, స్పీడు ఎంతున్నా .240 గీత దాటదు. కాబట్టి డాక్టరు గారికి ఈ రెండూ లిస్టులోంచి తీసేయాల్సిందే.

నేను ఈ పక్క చాలా ఏళ్ళుగా ఉండా, నక్కలూ రో లూ రెండూ నా పనిలో భాగమే. నా మాట ఏమంటే ముందు ఏ క్యాలిబర్ అని అడక్కండి, మీ తూటాల్లో ఎక్కువ భాగం దేని మీద ఖర్చవుతుందో అది చూడండి. మీరు చెప్పినదాన్ని బట్టి నక్కలు ఎక్కువ, తర్వాత రో, రెడ్ డియర్ ఎప్పుడో ఒకసారి. ఈ వరసకి .243 కన్నా సరిపోయింది నాకు తెలిసి లేదు. .308 తూటా మెడని కొంచెం సన్నం చేసి 1955 లో విన్‌చెస్టర్ కంపెనీ తెచ్చింది ఇది, అప్పట్నుంచీ ఈ దేశంలో ఒకే రైఫిల్ ఉంచుకునేవాడి తుపాకి అంటే ఇదే. 58 గ్రెయిన్ తేలిక బుల్లెట్ వేస్తే సెకనుకి 3,750 అడుగులు, 100 గ్రెయిన్ వేస్తే 2,960 అడుగులు, 1,945 ఫుట్ పౌండ్లు. ఇంగ్లండుకి 1,700, స్కాట్లాండులో పెద్ద జింకలకి 1,750 కావాల, రెండూ దాటతాయి.

ఇప్పుడు అసలు చిక్కుండేది ఆడనే. ఆ తేలిక బుల్లెట్‌తో నక్కని కాలుస్తా, బరువుదానితో జింకని కాలుస్తా, ఒకే రైఫిల్‌తో రెండు పనులు అని అందరూ అనుకుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఒకే బ్యారెల్‌లోంచి ఆ రెండూ ఒకే చోట తగలవు, 100 గజాల దూరంలోనే రెండు మూడు అంగుళాలు పైకో పక్కకో పోతాయి, ప్రతిసారీ స్కోపు తిప్పుకోవాల, చీకట్లో చలికి వేళ్ళు కొయ్యబారి ఉన్నప్పుడు ఏ సెట్టింగులో ఉందో గుర్తు పెట్టుకోవాల. ఇంకొక సంగతి, 58 గ్రెయిన్ బుల్లెట్ కాగితం మీద చూస్తే 1,800 ఫుట్ పౌండ్లు ఉంటుంది, ఇంగ్లండు లెక్కకి జింకకి కూడా పాసే. కానీ దాన్ని తయారు చేసిందే నక్క లాంటి చిన్న జంతువుకి తగలగానే ముక్కలై పోవడానికి, జింక భుజం ఎముకకి తగిలితే పైపైనే పగిలి లోపలికి పోదు, జంతువు గాయంతో పారిపోతుంది. చట్టం ఒప్పుకుంది కదా అని చేసే పని కాదు. మీరు వెటర్నరీ డాక్టరు, మీకు నేను చెప్పేదేముంది.

అందుకని నేను చేసేది ఒకటే బుల్లెట్. జింకకి ఏది కావాలో దానికే జీరో చేసి (స్కోపు గురి ఆ బుల్లెట్ తగిలే చోటికి సరిపెట్టి) పెట్టుకుంటా, నక్కకీ అదే వేస్తా. జింక బుల్లెట్ తగిలిన నక్క తక్కువగా చావదు కదా. తోలు పాడవుతుందంటారు, ఈ కాలంలో నక్క తోలు ఎవడికి కావాల. నష్టమల్లా రెండు వందల గజాలు దాటితే బుల్లెట్ మూడు నాలుగు అంగుళాలు కిందికి దిగుతుంది, తేలికదైతే అంత దిగదు. రాత్రిపూట అంత దూరం నక్కని కాల్చాల్సిన అవసరం నాకైతే రాలేదు, దగ్గరికి పిలవడం నేర్చుకోండి, అది వేరే విద్య.

.308 కూడా మంచిదే, రెడ్ డియర్‌కీ సికా జింకకీ నేను కూడా అదే అనేవాణ్ణి. 150 గ్రెయిన్, 2,650 ఫుట్ పౌండ్లు, తూటా ప్రతి అంగట్లో దొరుకుతుంది. కానీ రాత్రి గొర్రెల మధ్యలో నక్క మీద అంత పెద్ద బుల్లెట్ వదిలేముందు దాని వెనక ఏముందో రెండుసార్లు చూసుకోవాల. ఆ మాటకొస్తే ఇట్లాంటి ఏ పెద్ద రైఫిల్ బుల్లెటైనా ఆగకపోతే మైళ్ళు పోతుంది. వెనక మెత్తని మట్టి కట్ట ఉండాల, ఆకాశం కనపడతా ఉంటే ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు.

టెన్ మీటర్ తిరపతి:
నేను వేటాడేవాణ్ణి కాదు, షూటింగ్ రేంజిలో ఎయిర్ రైఫిల్, .22 కాల్చేవాణ్ణి, కాబట్టి జింకల గురించి మాట్లాడను. కానీ పైన చిత్తూరన్న చెప్పిన ఒకటే బుల్లెట్ అనే మాటకి మాత్రం నూటికి నూరు మార్కులు. షూటింగ్‌లో ఎవరైనా చెప్పేది అదే, తుపాకి మారిస్తే స్కోరు పెరగదు, ఒకే తుపాకి ఒకే లాట్ (ఒకేసారి తయారైన) తూటా ఒకే పొజిషన్, అది వందలసార్లు చేస్తే పెరగతాది.

డాక్టరు గారూ మీరు ఇప్పటిదాకా ఎన్ని తూటాలు కాల్చినారో నాకు తెలీదు గానీ కొత్తవాడికి పెద్ద శత్రువు భుజానికి తగిలే తన్ను. .308 తన్నుడుతో పోలిస్తే .243 ది సగానికి కొంచెం ఎక్కువ ఉంటుందంతే. నాలుగు తన్నులు తిన్నాక శరీరం దానంతటదే ట్రిగ్గర్ నొక్కేముందే బిగుసుకుంటుంది, కన్ను మూసుకుంటుంది, గురి పోతుంది, మనకి తెలీను కూడా తెలీదు. అది ఒకసారి అలవాటైతే పోగొట్టడం మా కోచ్ వల్లే కాలేదు కొందరికి. అందుకే తక్కువ తన్నేదే తీసుకోండి. ఇంకోటి, ఇక్కడ ఉండేలోపల ఒక .177 ఎయిర్ రైఫిల్ పట్టుకుని ప్రాక్టీస్ చేయండి, 20 జౌళ్ళ లోపు శక్తి ఉండే .177 కి మన ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. శ్వాస పట్టడం, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం, కాల్చిన తర్వాత కూడా రెండు క్షణాలు గురి వదలకుండా ఉండడం, ఇవన్నీ అందులో వచ్చేస్తాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలె 50 మీటర్లలో బ్రాంజ్ కొట్టింది .22 తో, క్యాలిబర్ సైజుతో ఏ పనీ జరగదని అందరికీ చెప్పినట్టే.

గ్లాస్గో గోంగూర:
ఒప్పుకుంటా, ఇంగ్లండు సంగతి నేను చూసుకోలేదు. ఐతే .243 అంటే మాత్రం నేను ఒప్పుకోను, 6.5 తీసుకోమను. క్రీడ్‌మూరో పాత 6.5 బై 55 స్వీడిషో ఏదైనా. 143 గ్రెయిన్ బుల్లెట్, 2,300 ఫుట్ పౌండ్లు, తన్నుడు .308 కన్నా తక్కువే, రెడ్ స్టాగ్‌కి కళ్ళు మూసుకుని సరిపోతుంది, నక్కకి కావాలంటే 95 గ్రెయిన్ కూడా దొరుకుతుంది. .243 అంచు మీద ఉండే క్యాలిబర్ అన్నా, రెడ్ డియర్‌కి అరచేయంత పక్కకి పోతే ఇంక కొండ కొండా తిరగాల. పైగా ఇప్పుడు సీసం బ్యాన్ వస్తా ఉంది కదా, రాగి బుల్లెట్‌లలో .243 పరిస్థితి ఏమిటో ఆలోచించినారా?

కొర్లగుంట డాక్టరు:
ఈ సీసం రాగి గొడవ ఏంది? మా ఫారం ఆయన కూడా ఒకసారి గొణిగినాడు, నేను పట్టించుకోలా. మాంసంలో సీసం ముక్కలు ఉండిపోతాయని మాత్రం తెలుసు, ఎక్స్‌రేలో చుక్కలు చుక్కలుగా కనపడతాయి, గాయానికి చాలా దూరం దాకా పోయుంటాయి. ఆ రకంగా రాగి మంచిదే కదా.

పలమనేరు రైతన్నా, తపేలా మాట చదివి మా మేనమామ గుర్తొచ్చినాడు, ఆయనదీ వీకోట దగ్గర ఇదే కథ.

రిటైర్డ్ సెక్షన్:
నేను ఫారెస్టు డిపార్ట్‌మెంటులో పని చేసి రిటైరైనవాణ్ణి. డాక్టరు గారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, కానీ పలమనేరు ఆయన అన్నదానికి, ఇంకా ఈ థ్రెడ్ చదివే కుర్రోళ్ళకి రెండు మాటలు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చినాక సెక్షన్ 9 కింద వేట నేరం, జింకైనా నక్కైనా. పంటకి నష్టమో మనిషికి ప్రమాదమో ఉంటే సెక్షన్ 11 కింద అధికారం ఉన్న ఆఫీసరు రాతపూర్వకంగా ఆర్డర్ ఇయ్యాల, అది లేకుండా మన చేన్లోకి వచ్చింది కదా అని కాలిస్తే చేను మనదైనా కేసు మన మీదే.

తుపాకి సంగతి కూడా చాలామందికి తెలీదు. 1959 ఆయుధ చట్టం సెక్షన్ 13 లో పంట కాపలాకి అని ప్రత్యేకంగా రాసి ఉండేది మందు కూరి పేల్చే తుపాకి గురించే, రైఫిల్ గురించి కాదు. అది కూడా ఎలక్షన్ టైములో పెట్టమంటే స్టేషన్‌లో పెట్టి రసీదు తీసుకోవాల. లైసెన్స్ లేని నాటు తుపాకీ పట్టుకుని పోయేవాళ్ళు, పందులకని నాటు బాంబులు పెట్టేవాళ్ళు ఇంకా ఉండారు. ఆ బాంబు పంది కొరకదు, పక్కింటి ఆవు కొరుకుతుంది, దవడ ఎగిరిపోయి తిండి తినలేక వారం రోజులు నిలబడి చస్తుంది. డాక్టరు గారు అట్లాంటి కేసులు కాలేజీలో చూసే ఉంటారు. బాబూ, ఆ దేశం సర్టిఫికెట్ ఆ దేశంలోనే చెల్లుతుంది, ఎవరైనా స్నేహితుడు లీవులో ఒకసారి అడివికి పోదాం రా అంటే గమ్మున ఇంట్లో కూర్చో.

పలమనేరు రైతు:
సార్ మీరు చెప్పేది న్యాయమే, సెక్షన్ 11 ఆర్డర్ వచ్చేలోపల నా శెనక్కాయ గుల్ల కూడా మిగలదు, అదీ నా బాధ. బాంబుల సంగతి మాత్రం నిజం, మా ఊర్లో ఒకాయన పాడావు అట్లనే పోయింది. డాక్టరూ, ఆడ రాత్రిపూట ఎట్ల కాలుస్తారబ్బా, లైటు వేసేనా?

నార్తంబర్లాండ్ చిత్తూరోడు:
రైతన్నా, నక్కకైతే రాత్రి లైటు వేసి కాల్చచ్చు, ఇప్పుడందరూ థర్మల్ స్కోపు పెట్టినారు, శరీరం వేడిని బట్టి చీకట్లో తెల్లగా కనపడతాది. జింకకి మాత్రం రాత్రి కాల్చకూడదు, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. రాత్రి అంటే పొద్దు మునిగిన గంట తర్వాత మొదలై పొద్దు పొడిచే గంట ముందు దాకా. డాక్టరు గారూ ఇది గుర్తు పెట్టుకోండి, నక్క కోసం థర్మల్ పెట్టుకుని పోతే కళ్ళ ముందు రో నిలబడి చూస్తా ఉంటుంది, చేతులు కట్టుకోవాల.

ఇంక రాగి సంగతి. గ్లాస్గో తమ్ముడు సరైన చోటే వేలు పెట్టినాడు. 2025 జూలైలో ప్రభుత్వం సీసం తూటాల మీద నిషేధం ప్రకటించింది, మార్చుకోవడానికి మూడేళ్ళ గడువంట, రైఫిల్ బుల్లెట్లలో .243 నుంచి పైవన్నీ దాని కిందికొస్తాయి. కాబట్టి ఇప్పుడు కొనే రైఫిల్ రేపు రాగితో ఎట్ల కాలుస్తుందో చూసే కొనాల. సీసం కన్నా రాగి తేలిక, అదే బరువు రాగిలో కావాలంటే బుల్లెట్ పొడుగు పెరగతాది. పొడుగు బుల్లెట్ నిలకడగా తిరగాలంటే బ్యారెల్ లోపల గాడుల మెలిక తొందరగా తిరగాల. .243 లో ఎక్కువ రైఫిళ్ళకి మెలిక 10 అంగుళాలకి ఒక చుట్టు, అందులో 100 గ్రెయిన్ రాగి బుల్లెట్ సరిగ్గా తిరగదు, పక్కకి పల్టీ కొడతాది. స్కాట్లాండులో మరి చట్టం పెద్ద జింకలకి 100 గ్రెయిన్లకి తగ్గకూడదని చెప్పేది, అంటే .243 ఉండేవాళ్ళందరూ ఇరుక్కుపోయినట్టే. దానికే 2023 లో ఆ బరువుని 80 గ్రెయిన్లకి తగ్గించినారు.

ఐతే బరువు తగ్గించినారు కానీ ఎనర్జీ 1,750 అట్లనే ఉంచినారు, ఇది చాలామంది గమనించరు. లెక్క సులభమే, గ్రెయిన్లలో బరువు, దాన్ని స్పీడుతో రెండుసార్లు గుణించి 450,240 తో భాగించడం. 100 గ్రెయిన్ బుల్లెట్‌కి 1,750 రావాలంటే సెకనుకి 2,810 అడుగులు చాలు. 80 గ్రెయిన్ అయితే 3,140 దాకా కావాల. డబ్బా మీద రాసిన స్పీడు 24 అంగుళాల బ్యారెల్‌తో కొలిచింది, ఈ మధ్య అందరూ సైలెన్సర్ తగిలించుకోవాలని 20 అంగుళాల పొట్టి బ్యారెల్ కొంటా ఉండారు, అంగుళానికి పాతిక అడుగులు తగ్గిందనుకున్నా నూరు అడుగులు పోయినట్టే. అప్పుడు డబ్బా మీద 3,200 ఉండేది మీ చేతిలో 3,100, ఎనర్జీ 1,708. ఇంగ్లండులో గట్టెక్కుతారు, హైలాండ్స్‌లో రెడ్ డియర్ మీద అదే తూటా చట్టవిరుద్ధం. రో కి 1,000 చాలు కాబట్టి ఆడ ఏ ఇబ్బందీ లేదు.

కాబట్టి .243 కొంటే బ్యారెల్ 22 అంగుళాలకి తగ్గనీయొద్దు, మెలిక 8 అంగుళాలకి ఒక చుట్టుది దొరికితే అదే తీసుకోండి, రెండు రకాల తూటాలు తెచ్చి క్రోనోగ్రాఫ్ ముందు పెట్టి మీ రైఫిల్‌లో స్పీడు ఎంతో కొలవండి. ఏటా హైలాండ్స్‌కి పోయేది ఖాయం, ఒకసారి కాదు రెండు మూడు సార్లు అనుకుంటే మాత్రం గ్లాస్గో తమ్ముడి మాట విని 6.5 తీసుకోండి, అప్పుడు నేను అడ్డం చెప్పను. రాగిలో కూడా దానికి ఇన్ని తిప్పలు లేవు, మామూలుగానే దాని మెలిక 8 కే వస్తుంది.

కొర్లగుంట డాక్టరు:
అబ్బా, ఇంత లెక్క ఉంటుందని అనుకోలా. అన్నా మీ రెండు పోస్టులూ కాపీ చేసి పెట్టుకున్నా.

నేను ఆలోచించింది ఇదీ. హైలాండ్స్ నిజంగా ఏడాదికి ఒకసారే, అదీ ఆడవి, స్టాగ్ కాదు, అక్టోబర్ 21 నుంచి ఫిబ్రవరి 15 లోపల, ఆ ఎస్టేటు వాళ్ళు వాళ్ళ రైఫిల్ ఇస్తామన్నారు కూడా. అది వాడుకుంటే నా రైఫిల్‌కి ఆ 1,750 ఎనర్జీ రూలు బాధ ఉండదు. మిగతా అంతా నక్కలూ రో లూ. అంటే .243 నే, ఒకటే బుల్లెట్, రాగిది 80 గ్రెయిన్, నక్కకీ అదే. అప్లికేషన్‌లో మాత్రం జింకలతో పాటు నక్కలని కూడా రాయించుకోవాలి కదా?

గ్లాస్గో గోంగూర:
రాయించుకో, లేకపోతే జింకకి అని మాత్రమే కండిషన్ పడితే నక్క ఎదురొచ్చినా చూస్తా ఉండాల. కొంతమందికి చట్టప్రకారం కాల్చదగిన ఇంకే జంతువైనా అని కూడా కలిపి ఇస్తారు, అడిగి చూడు. ఎన్ని తూటాలు కొనచ్చో, ఇంట్లో ఎన్ని పెట్టుకోవచ్చో కూడా అందులోనే నంబర్ వేస్తారు, ప్రాక్టీసుకి కూడా కలిపి అడుగు, తక్కువ అడిగితే మళ్ళీ మార్పుకి తిరగాల. రాగి తూటా డబ్బాలు అంగట్లో ఉన్నప్పుడే ఒకే లాట్‌వి నాలుగు తీసి పెట్టుకో, ఒకసారి నా ఊరి అంగట్లో నెలల తరబడి లేవు. నేను మాత్రం ఇప్పటికీ 6.5 అనే అంటా.

టెన్ మీటర్ తిరపతి:
స్కోపు గురించి ఎవరూ అనలేదు. థర్మల్ ఒకటి, పగటి స్కోపు ఒకటి అని మార్చుకుంటా పోతే మళ్ళీ రెండు బుల్లెట్ల కథే అవుతుంది, మౌంట్ తీసి పెట్టిన ప్రతిసారీ జీరో చెక్ చేయాల. చీకట్లో వెతకడానికి థర్మల్ చేతిలో పట్టుకునేది వేరే కొనుక్కుని, రైఫిల్ మీద ఒకటే స్కోపు ఉంచడం మేలని నా అభిప్రాయం. లీవు ఎప్పటిదాకా సార్? ఆదివారం పొద్దున మా రేంజికి రండి, పొజిషన్ చూపిస్తా.

కొర్లగుంట డాక్టరు:
వస్తా తమ్ముడూ, ఈ ఆదివారం కొండకి పోతా ఉండాం ఇంట్లోవాళ్ళతో, వచ్చే ఆదివారం ఖాయం. ఇంట్లో ఎయిర్ రైఫిల్ లేదు, రేంజిలోదే ఇస్తారా?

టెన్ మీటర్ తిరపతి:
ఉంది సార్, ఏడింటికల్లా వచ్చేయండి, ఎండెక్కితే షెడ్డులో కూర్చోలేం.